కోలాటం ఆగకుండా ఆడించిన దీవెన

దీవెన అని మా పక్కూరి పిల్ల, డీజే. ఆడపిల్ల డీజే ఏంటని నవ్వకండి, మిరపకోతలకెళ్లి మూడేళ్లలో నాలుగు సౌండు బాక్సులు కొనుక్కుంది. ఏమైందంటే, రోడ్డు పక్కన కోటిరెడ్డి కొత్త ఫంక్షన్ హాలు కట్టాడంట. అందులో ఏ పెళ్లి జరిగినా ఒకే డీజేని పెడతానన్నాడంట. మాఘం నుంచి వైశాఖం దాకా ముహూర్తాలెన్ని? ఇరవై ఆరు, నేను లెక్కపెట్టే చెబుతున్నా. ట్రాక్టరు మీద ఊరూరా తిరిగే పిల్లకి ఒకేచోట ఇరవై ఆరు పెళ్లిళ్లంటే మాటలా? పోయి అడిగిందంట. కోటిరెడ్డి ఏమన్నాడంటే, నీకంటే ముందు ఇద్దరొచ్చారమ్మాయ్, ఇద్దరి పాటకీ మా అక్కావాళ్ల కోలాటం మధ్యలోనే ఆగిపోయింది, వేళ్లకి కర్రలు తగిలి మా అక్క నన్ను తిట్టింది. ప్రారంభం రోజు కోలాటం ఆగకుండా ఆడించు, హాలు నీది. ఆగిందా, బాక్సులు ఎక్కించుకుని వెళ్లిపో అన్నాడంట.

ఆ అక్క పేరిందేవమ్మ, పదహారు మంది ఆడవాళ్ల కోలాటానికి పెద్ద. దీవెన ఏం చేసిందీ, వాళ్లు ఆడి చూసుకునే చోటికి పోయి, ఫోన్లో టైం పెట్టుకుని కర్రల దెబ్బలు లెక్కపెట్టింది. పావు నిమిషానికి ఇరవై, అంటే నిమిషానికి ఎనభై. అమ్మయ్య అనుకుంది. రెండో చుట్టు లెక్కపెడితే తొంభై. మూడోది వంద. ఐదో చుట్టుకి నూట ఇరవై అంట! "పెద్దమ్మా, మీరు పోనుపోను వేగం పెంచుతున్నారు" అందంట. "మేమెక్కడ పెంచామే, ఎప్పుడూ ఇంతేగా ఆడేది" అందంట ఆవిడ. అదీ సంగతి. పాట మొదలైన వేగంలోనే ఉంటది, వీళ్లు ఉండరు. ఇక ఏ చుట్టుకి ఎంత వేగమో కాగితం మీద రాసుకుని తయారైంది.

ప్రారంభం రోజు పొద్దున్నే నాలుగొందల మంది వచ్చి కూర్చున్నారనుకో. అంతమందిని చూసేసరికి పేరిందేవమ్మ అడుగు నెమ్మదించిందంట. ఎనభైకి పాట వేస్తే ఆవిడ డెబ్బైకి అడుగేస్తంది. కర్ర కర్రకి అందట్లా. కోటిరెడ్డి అప్పుడే ట్రాక్టరు వంక చూస్తన్నాడంట. దీవెన కాగితం నలిపి పక్కనేసి, పాట తీసేసి, ఉత్త డప్పు మోత ఒక్కటే ఉంచి, వేగం మార్చే మీట మీద వేలు పెట్టి ఆవిడ పాదాల వంకే చూస్తా కూర్చుంది. ఆ పాదం ఎంతకి పడితే మోత అంతకి. డెబ్బై, డెబ్బై ఐదు, తొంభై. పెద్దావిడకి ధైర్యమొచ్చింది, నవ్వింది, ఇక చూసుకో, ఐదు చుట్లనుకున్నది తొమ్మిదయినయ్, పదయినయ్. కోటిరెడ్డి వచ్చి, అక్కా ఇక ఆపు, పప్పు చల్లారిపోతంది, జనం ఆకుల ముందు ఎంతసేపు కూర్చుంటారు అంటే, ఆవిడ కర్ర ఆపకుండానే, ఆగితే పిల్లని వెళ్లిపొమ్మన్నావంటగా, ముందు హాలు దీవెనదని మైకులో చెప్పు, అప్పుడు ఆపుతాం అందంట. చెప్పాడు. చెప్పాక కూడా ఇంకో చుట్టు ఆడి గానీ ఆపలేదు.

మొన్న మా చెల్లెలి పెళ్లికి ఆ హాలు అడుగుదామని నేనూ పోయా. పంతులుగారు చెప్పిన రోజు హాలు ఖాళీయే గానీ దీవెనకి కుదరదంట, ఆ పిల్ల లేకుండా అక్కడ పెళ్లి లేదుగా. ఏం చేస్తాం, పంతులుగారే ఇంకో మంచిరోజు వెతికాడు.