ఖాళీ వదిలి కొట్టిన ఆదేశం

నేను గొంతు వ్యాధుల ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న స్వరభద్రతా కేంద్రంలో కంప్యూటర్ విభాగానికి పెద్దను. వయసు యాభై ఎనిమిది. సర్వీసు ఇరవై ఆరేళ్లు. మాటకు ముందొక పద్యం చెబుతానని అక్కడ అందరూ నన్ను పద్యాలమ్మ అంటారు. ఈ వాంగ్మూలం ఇవ్వవలసిన నిర్బంధం లేదనీ, ఇస్తే నాకే ప్రతికూలం కావచ్చుననీ మేజిస్ట్రేటు గారు రెండుసార్లు చెప్పారు. రెండుసార్లూ విన్నాను.

గొంతు తీసివేయవలసి వచ్చిన రోగులు శస్త్రచికిత్సకు ముందు మా కేంద్రంలో తమ మాటలు రికార్డు చేయించుకుంటారు. తరువాత వాటి ఆధారంగా ఒక యంత్రం వారి స్వరంతోనే మాట్లాడుతుంది. ఆ రికార్డులను భద్రపరచడం, అదనపు ప్రతులను తుడిచివేయడం మా పని. అందుకు కంప్యూటర్‌కు ఒక్కొక్క వరుసగా ఆదేశాలు టైపు చేస్తాము. పనికివచ్చిన ఆదేశాలను ఇరవై రెండేళ్లుగా ఒక ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నాను. మొత్తం డెబ్బై నాలుగు.

వాటిలో రెండింటి సంగతి చెప్పాలి. తుడిచే ఆదేశానికి ముందు 'ఎకో' అన్న మాట చేర్చితే కంప్యూటర్ తుడవదు. ఏమేమి తుడవబోతుందో చూపి ఊరుకుంటుంది. పద్యాన్ని గొంతెత్తి చదివే ముందు పదాలు విడదీసి చూసుకొమ్మని మా నాన్నగారు నేర్పారు. ఇదీ అటువంటిదే. రెండవది, టైపు చేసిన ప్రతి ఆదేశమూ యంత్రం చిట్టాలో చేరుతుంది. కాని ఆదేశానికి ముందు ఒక్క ఖాళీ వదిలితే చేరదు. రహస్య పదాలు చిట్టాకెక్కకుండా మా యంత్రాలను అలా అమర్చినది నేనే. ఈ సంగతి నాకూ, మా తోడికోడలికీ తప్ప అక్కడ ఎవరికీ తెలియదు.

మా తోడికోడలు నా మరిది భార్య. కేంద్రంలో అందరికీ చిన్నమ్మగారు. వయసు నలభై మూడు. పదకొండేళ్ల క్రితం నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని ఓనమాలతో సహా నేనే నేర్పాను. ఆరు నెలల క్రితం ఆమె కేంద్రపు వెబ్‌సైటులో 'రోజుకో ఆదేశం' అనే పేజీ మొదలుపెట్టింది. అన్నీ నా ఎర్ర పుస్తకంలోవే. నన్ను అడిగింది. పెట్టుకో, ఎవరు చదువుతారులే అన్నాను. అందరూ చదివారు. ఇంట్లో మా వారు ఆమె ఫోనులో ఆ పేజీ చూసి, "మరదలు ఎంత తేలిగ్గా రాసిందో చూడు. నా బుర్రకి కూడా ఎక్కింది. నువ్వు చెబితే ముక్కకి మూడు వ్యాఖ్యానాలు" అన్నారు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో 'మా అక్క దగ్గర నేర్చుకున్నవి' అని ఉంది. అక్క అంటే ఎవరైనా కావచ్చు. నా పేరు లేదు.

మంగళవారం ఉదయం పది గంటల సమావేశంలో డైరెక్టరు గారు, "కొత్తవాళ్ల శిక్షణ ఇక చిన్నమ్మగారు చూసుకుంటారు. మీరు కాస్త విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. చాలా సంతోషం అన్నాను. అడగకుండానే మరొకసారి చాలా సంతోషం అన్నాను.

పన్నెండు యాభైకి ఆమె భోజనానికి లేచింది.

"రావా అక్కా?"

"ఆకలి లేదు. నువ్వెళ్లు."

"మళ్లీ అలకా? నీ డబ్బా కూడా తినేస్తాను, తరవాత ఏడవకు."

"తినవే. నావన్నీ నీకు అలవాటేగా."

ఆమె నవ్వుతూ రెండు డబ్బాలూ తీసుకుని వెళ్లింది. తన కంప్యూటర్ తెర మూసి వెళ్లలేదు.

ఒంటిగంటా పన్నెండు నిమిషాలకు నేను ఆమె కుర్చీలో కూర్చున్నాను. అది నా కుర్చీ కంటే ఎత్తు. నా కాళ్లు నేలకు ఆనలేదు. ఆనాటి పేజీలో అదనపు ప్రతులను తుడిచే ఆదేశం, ముందు 'ఎకో'తో సహా, ఉంది. ముందు ఒక్క ఖాళీ వదిలి కొట్టిన ఒకే వరుస ఆదేశంతో, అందులోని 'ఎకో'ను తీసివేశాను. తప్పు రాసిందని నలుగురూ నవ్వాలన్నదే నా కోరిక. ఆరుగురు అంతశ్శత్రువులలో మాత్సర్యాన్ని చివర లెక్కిస్తారు. చివరిది గనుక చిన్నదనుకున్నాను.

రెండూ నలభైకి రికార్డింగు గది టెక్నీషియన్ ఆ ఆదేశం వాడాడు. కంప్యూటర్‌లో అతడు తెరిచి ఉంచినది అదనపు ప్రతుల అర కాదు, అసలు రికార్డులది. 'ఎకో' ఉండి ఉంటే ఆ జాబితా కంటపడేది.

"ఏమీ చూపించలేదమ్మా. పడలేదేమోనని ఇంకోసారి కొట్టాను" అన్నాడు.

"చూసుకోకుండా ఎలా కొట్టావు?"

"చిన్నమ్మగారి పేజీ కదమ్మా, తప్పుండదనుకున్నాను."

పోయిన రికార్డుల కంటే ముందు ఆ మాటే నాకు గుచ్చుకుంది. దీన్నీ రాసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఆ వారపు రికార్డులకు ఇంకా మరో నకలు తీయలేదు. పంతొమ్మిది మంది స్వరాలు పోయాయి. పదిహేడు మందికి ఇంకా గొంతు ఉంది, మళ్లీ పిలిపించారు. ఇద్దరికి శస్త్రచికిత్స అయిపోయింది. వారిలో ఒకరు బస్సు కండక్టరు. మేము అడగకపోయినా తన దారిలోని ముప్పై ఎనిమిది స్టాపుల పేర్లు వరుసగా చెప్పి వెళ్లిన మనిషి. ఆయన భార్య వచ్చి, "ఒక్క స్టాపు పేరైనా మిగల్లేదా అమ్మా?" అని అడిగింది. మిగలలేదు.

గురువారం పదకొండు గంటలకు పోలీసు అధికారి విచారణకు వచ్చారు. మార్పు మా తోడికోడలి ఖాతా నుండి జరిగింది. చిట్టాలో ఆ వరుస లేదు. ఆమె చిట్టా చూసింది, నన్ను చూసింది. "నేనే తీశానండీ, పొరపాటున" అంది. ఆ ఒంటిగంటా పన్నెండు నిమిషాలకు ఆమె క్యాంటీనులో నా డబ్బా తింటున్నది.

వరండాలో నిలదీశాను.

"ఎందుకలా చెప్పావే?"

"ఖాళీ వదలడం నాకు నేర్పింది నువ్వేగా అక్కా."

"తెలిసినదానివి నిజం చెప్పు."

"నీకింకా రెండేళ్లే సర్వీసు. నాకైతే ఇంకోచోట దొరుకుతుంది. పోనీలే."

ఆమెను సస్పెండు చేశారు, కేసు పెట్టారు. ఆ రాత్రి భోజనాల దగ్గర మా వారు, "తప్పు చేసినా దాచుకోలేదు. ఎంత పెద్ద మనసు!" అన్నారు. ఆఫీసులోనూ అదే మాట. రెండు రోజులు విన్నాను.

నా ఆదేశాలు ఆమె పేరున చెలామణి అయ్యాయి. నా నేరం కూడా ఆమె పేరున, పైగా మెప్పుతో, చెలామణి కావడం నేను సహించలేను. పశ్చాత్తాపంతో వచ్చానని మాత్రం రాయవద్దు. అది కొంత ఉన్నది. ఎంతో నాకే తెలియదు. 'ఎకో' అన్న ఆ మాట తీసివేసినది నేను. ఆమె కాదు. నేను.

గుమాస్తా చదివి వినిపించగా ఆసాంతం విన్నాను. నేను చెప్పినదానికి ఒక మాట చేరలేదు, ఒక మాట తగ్గలేదు. అంతా నిజం. ఆయన చూపిన చోట, చివరి వరుసకూ సంతకానికీ నడుమ ఖాళీ వదలకుండా, నా పూర్తి పేరు రాశాను.

(సంతకం)