అమ్మ మీద అమ్మ

ఉప్పల్. దోర్కా ఇంటి ముందుగది, మధ్యాహ్నం. ఆమె సవతి తమ్ముడు నతానియేలు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"మా అమ్మ మీద మీ అమ్మనా? మళ్ళొకసారి అను నతానియేలూ, సరిగ్గ ఇనపడలే."

"గట్ల అనకక్కా. సాలమ్మ పెద్దమ్మ సమాధి బొంద తెరిచి, అండ్ల మా అమ్మను..."

"ఇనపడ్డది. నీ నోటితోని రెండోసారి అంటవా లేదా అని సూసిన."

"రాత్రి పోయింది అమ్మ. ఫ్రీజర్ డబ్బాల ఉన్నది. నాలుగింటికి ప్రార్థన. నాచారం సంఘమంతా వస్తది. నీకు ఫోన్ జేసిన, ఎత్తలే."

"ఎత్తలే. నీ పేరు కనపడ్డది, ఎత్తలే."

"అందుకే వచ్చిన. మనింటికి ఉన్నది ఆ ఒక్క బొందనే అక్కా."

"మనింటికా? ఎప్పటికెల్లి మనిల్లయింది? సాలమ్మ నా తల్లి. సారమ్మ నీ తల్లి. నాయిన ఒక్కడు ఇద్దరికి. అంతకు మించి నీకూ నాకూ లెక్క లేదు."

"నాయిన బొంద ఉంటే ఆయన దగ్గర్నే పెడుతుంటిమి. నీ దాకా వచ్చేటోన్ని కాదు."

"కరోనల పోయినోనికి బొంద ఏడిది? యాడ పూడ్చిన్రో మనకు సూపెట్టనే లేదాయె. నాకు మిగిలిన బొంద అమ్మదొక్కటే. ప్రతి ఈస్టర్‌కు సున్నం ఏయిస్త. ఒక్కసారన్న వచ్చిందా మీ అమ్మ, ఒక్క పువ్వు పెట్టిందా?"

"నువ్వు తిడతవని భయపడేది."

"తిట్టకపోదును. కొట్టేదాన్ని. సరే గానీ, బొందలకు కొత్త స్థలం ఇచ్చింది గదా సర్కారు? బ్యానర్లు కట్టిన్రు, డప్పులు కొట్టిన్రు, లడ్డూలు పంచిన్రు. ఆడ పెట్టుకో."

"నీకు తెల్వదా అక్కా?"

"నాకు తెల్వది. చెప్పు. ఇయ్యాల మా బడికి సెలవు, తీరిగ్గనే ఉన్న."

"మూడు దిక్కుల గోడ లేపిన్రు. నాలుగో దిక్కు పునాది తవ్వి ఇడిసిపెట్టిన్రు. లోపలంతా బండ, పగలగొట్టలే. తొవ్వకు కంకర ఎయ్యలే. గుంతలల్ల నీళ్ళు, దోమలు. బిక్షపతి కాంట్రాక్టర్‌ను అడిగితే జేసిన పనికే బిల్లు రాలే, ఇంక పార ఎట్ల ముట్టుదునంటడు. సర్కారు పనులన్ని ఆపిందంట. ట్రెజరీల ఒక్క బిల్లు గూడ కదలదంట."

"ఆఫీసుల అడిగినవా?"

"అడిగిన. పని పూర్తయి అప్పజెప్పేదాకా ఆడ శవం పెట్టనియ్యం అన్నడు ఇంజినీరు."

"ఎప్పుడు పూర్తయితదంట?"

"నిధులు వస్తే."

"ఎప్పుడొస్తయంట?"

"నవ్విండు."

"నవ్వడా మరి? నువ్వు శవం ఇంట్ల పెట్టుకోని పోయి అడిగితివి. పాత సమాధుల తోటల గోడ పొంటి ఖాళీ వరుస ఉండె గదా?"

"తొవ్వకిచ్చిన్రు గదక్కా. కొత్త స్థలంలకు బండి పోనీకి ఆ వరుసంతా తవ్వి తొవ్వ తీసిన్రు. ఉన్న చోటు తొవ్వ కింద పోయింది. తొవ్వ పోయి బండకు తగిలింది."

"కమిటీ పెద్దలకు బుద్ధి ఉండాలె."

"కమిటీల బావ గూడ ఉండె."

"మీ బావ వద్దనే అన్నడు."

"టిమోతి బావ పేరు శంకుస్థాపన రాయి మీద ఉన్నది అక్కా. నాలుగో పేరు."

"పేరు చెక్కుతమంటే ఎవ్వలన్న వద్దంటరా? మాట మార్చకు. మీ అమ్మ పుట్టిన ఊరు జనగామ దిక్కే గదా. ఆడికి తీస్కపో."

"ఊర్లె చర్చి జాగల ప్లాట్లు పడ్డయి."

"అంబర్‌పేట్?"

"వాళ్ళ సంఘపోళ్ళకే చాలదంటున్నరు."

"బోడుప్పల్?"

"అడిగిన. అన్నీ అడిగిన. పొద్దుగాల్నుంచి బండి దిగలే."

"కాలవెట్టు మరి. కరెంటు శ్మశానం ఉన్నదంట, గంటల అయిపోతది."

"అక్కా!"

"ఏమయితది? దేవుడు మట్టినే లేపుతడా, బూడిదను లేపలేడా?"

"అమ్మకు నిప్పంటే భయం. మట్టిల పెట్టమని చేయి పట్టుకోని చెప్పింది. ఒట్టు ఏయించుకున్నది."

"ఒట్లు ఏయించుకునుడు ఆమెకు బాగ అలవాటు. మా నాయినతోని గూడ ఏయించుకున్నది."

"చచ్చిపోయిన మనిషిని..."

"చచ్చిపోతే మంచిదయితదా? ఇను. మా అమ్మ మంచంల పడ్డప్పుడు దవాఖానల ఆయమ్మను కుదిర్చిండు నాయిన. ఆ ఆయమ్మనే మీ అమ్మ. అన్నం తినిపియ్యనీకి వచ్చింది. గుడ్డలు పిండనీకి వచ్చింది. అమ్మ పోయి ఏడాది తిరగలే, అమ్మ చీరలు కట్టుకున్నది. అమ్మ మంచంల పండుకున్నది. ఇప్పుడు అమ్మ బొంద గూడ గావాలె."

"రెండేండ్లు సేవ చేసింది అక్కా. నీ తల్లికి పుండ్లు గడిగింది."

"జీతానికి గడిగింది."

"ఆఖర్ల జీతం గూడ ఇయ్యలే నాయిన."

"ఇచ్చిండుగా. ఇల్లే ఇచ్చిండు."

"దోర్కా గారూ! ఉన్నారా?"

"ఉన్న రాజ్యం గారూ, రాండ్రి."

"మీకు మంచినీళ్ళొస్తున్నాయా? మాకు మళ్ళీ పొద్దున్నించీ చుక్క లేదండీ. ఆ డ్రైనేజీ వాళ్ళు తవ్వుతూ పైపు పగలగొట్టి పోయారు కదా. ఫోన్ చేస్తే పనులే ఆగిపోయాయమ్మా అంటున్నారు. పనులాగితే ఆగాయి, పగిలిన పైపైనా అతికించరా?"

"మాకు గూడ రాలేవండి."

"మా ఆయనైతే గుమ్మం ముందు తవ్విన గుంట మీద వేసిన చెక్క మీద నడవలేక నెలరోజుల్నించి గడప దాటట్లేదు. ఇంట్లోనే కూర్చుని నన్ను చంపుతున్నారు. ఈయనెవరండీ, గుమ్మంలో నిలబెట్టేశారు?"

"చర్చీ ఆయన. చందా కోసం వచ్చిండు."

"అలాగా. అచ్చం మీ ముక్కేనండీ, విచిత్రంగా ఉంది. సరే, నీళ్ళొస్తే ఒక కేకెయ్యండి."

"ఏస్తనండి."

"చందా కోసమా అక్కా?"

"మరి? అడుక్కోనీకే గదా వచ్చినవ్."

"తమ్ముడని చెప్పనీకి నోరు రాలేదా?"

"వచ్చేదే. నీళ్ళు లేక నోరు ఎండింది."

"నాకు గూడ జర నీళ్ళియ్యి. పొద్దుగాల్నుంచి ఏం తాగలే."

"రాలేదని చెప్పిన గదా."

"ఫ్రిజ్ మీద సీసాలున్నయి."

"అవి ఇంటోళ్ళకు."

"సరే."

"సరే అంటవు, పోవు."

"అక్కా, కమిటీ రూలు నీకు తెలుసు. పదిహేనేండ్లు దాటిన బొంద ఇంటోళ్ళు ఒప్పుకుంటే మళ్ళ తెరవొచ్చు. ఇంటోళ్ళంటే నువ్వొక్కదానివే. సరేనను. ఒక్కమాట."

"నాలుగింటికి ప్రార్థన అన్నవు గదా."

"ఆ."

"సంఘమంతటికి చెప్పినవ్."

"చెప్పిన."

"బొంద లేకుండ ఏ ధైర్యంతోని చెప్పినవ్?"

"నువ్వు ఒప్పుకుంటవని."

"నేను ఒప్పుకుంటనని నీకు ఎవలు చెప్పిన్రు? మీ అమ్మ చెప్పిందా?"

"ఎవలు చెప్పలే. ఇంకేం జెయ్యాలె అక్కా? డబ్బాకు కరెంటు పోతే వాసన వస్తదని సూర్యకళ గిన్నెలల్ల ఐసు పెట్టుకోని కూసున్నది. పిల్లలు పక్కింట్ల ఉన్నరు."

"నీ పెండ్లాం ఐసు పెట్టుకోని కూసున్నదా? మా అమ్మకు ఐసు గూడ పెట్టలే."

"నువ్వు ఏం చెప్తె అది జేస్త."

"ఏది చెప్పినా?"

"ఏది చెప్పినా."

"రాయి మీద మీ అమ్మ పేరు ఉండొద్దు."

"సరే."

"సాలమ్మ అనే ఉండాలె. ఇప్పుడెట్లున్నదో గట్లనే. కింద గూడ చిన్నక్షరాలతోని ఏం రాయొద్దు."

"సరే అక్కా."

"ప్రార్థనల పాస్టర్ మీ అమ్మను నాయిన పేరు చెప్పి, దేవానందం గారి భార్య అని అనొద్దు. భార్య మా అమ్మ."

"చెప్త. అననియ్య."

"మరేమంటడు?"

"సహోదరి అంటడు. సారమ్మ సహోదరి."

"ఆయమ్మ అంటే గూడ నాకు నడుస్తది."

"అక్కా, జర..."

"ఏది చెప్పినా అన్నవు."

"సరే. నీ ఇష్టం."

"మీ హాల్ల గోడ మీద నాయిన పక్కన మీ అమ్మ ఫోటో ఉన్నది గదా. అది దించాలె."

"దించుత."

"మా అమ్మది పెట్టాలె."

"పెడుత."

"దానికి రోజు అగరబత్తి... కాదు, అది మనకు లేదు. పూలదండ ఎయ్యాలె. సూర్యకళనే ఎయ్యాలె."

"ఏస్తది."

"ఏంది నతానియేలూ, అన్నిటికి సరే అంటవ్? కన్నతల్లిని గిట్ల అంటుంటే కోపం రాదా నీకు? నేనయితే ఈ పాటికి చెప్పుతోని కొడుదును."

"కోపం తెచ్చుకునే టైము లేదక్కా. నువ్వు సరేనంటే పోత."

"ఊకె గడియారం సూస్తున్నవ్."

"నాలుగు కావొస్తది."

"ఇంక మస్తు టైమున్నది. కూసో."

"వద్దు."

"కూసో అంటున్న గదా. ఇప్పుడు నేనే రమ్మంటున్న. లోపలికి రా. ఆ కుర్సీల కాదు, అది మీ బావది. స్టూల్ మీద."

"చెప్పక్కా."

"బొంద తెరిస్తె ఎట్ల జేస్తరు? నేనెప్పుడు సూడలే."

"ఎట్లేముంది? తవ్వుతరు."

"తవ్వితే? పాత మనిషి?"

"ఎముకలు ఏరుతరు. తెల్లగుడ్డల మూట గడతరు. కొత్త పెట్టె దించినంక, ఆ మూట తల దిక్కు ఒక మూలకు పెడతరు."

"తల దిక్కు వద్దు."

"మరి?"

"పెట్టె మీద పెట్టాలె. మీ అమ్మ గుండెల మీద. ఇన్నేండ్లు మీ అమ్మ పైన ఉన్నది, మా అమ్మ కింద ఉన్నది. ఇప్పటికెల్లి మా అమ్మ పైన."

"అక్కా..."

"గట్లయితేనే ఒప్పుకుంట. లేకుంటే కరెంటుకాడికి తీస్కపో."

"నువ్వు ఒప్పుకున్నట్లేనా?"

"ఒప్పుకున్న."

"ఒప్పుకున్నవు. ఎవలన్న అడిగితే ఒప్పుకున్న అనే చెప్తవా?"

"ఎన్నిసార్లు అడుగుతవ్? ఒప్పుకున్న. తాగు, ఇగో నీళ్ళు. సీసా ఎత్తి తాగు, ఎంగిలి జెయ్యకు."

"నేను పోతున్న మరి. నువ్వు రాకున్నా ఏం ఫికర్ లేదు. ఎండ గూడ ఉన్నది. నేను జూసుకుంట."

"రాకుండనా? నేను రాకుంటే ఎవలు ఏరుతరు?"

"ఏరనీకి మనుషులుంటరు."

"మనుషులు కాదు. నేనే ఏరుత. అమ్మ చీర ఒక్కటి ఉన్నది నా దగ్గర, మీ అమ్మకు దొరకంది. తెల్లది, సన్న అంచుది. అది చింపి తెస్త. మీరు పైన మోకాటి లోతు మట్టి తియ్యిండ్రి. తర్వాత గడ్డపార ముట్టొద్దు. నేను దిగుత."

"బొందల నువ్వు దిగుతవా?"

"దిగుత. నీకు ఒకటి తెల్వది. ఎవలకు చెప్పలే. అమ్మ పోయిన్నాడు నేను హాస్టల్ల ఉన్న. పిల్ల భయపడతదని మీ అమ్మ నాయినకు చెప్పి నన్ను హాస్టల్ల ఏయించింది గదా. పరీక్ష రాసి వచ్చేసరికి పెట్టె మూసిన్రు. మేకులు కొట్టిన్రు. ఒక్కసారి తెరువుండ్రి, మొఖం సూస్తనని ఏడ్చిన. సూస్తే మర్చిపోలేవు బిడ్డా అని పట్టుకోని ఆపింది మీ అమ్మ. నేను సూడలే నతానియేలూ. నేను మా అమ్మను సూడనే లేదు."

"ఇప్పుడేం ఉంటదక్కా సూడనీకి?"

"ఏముంటే అది సూస్త. చేయి ఉంటది. పుర్రె ఉంటది. ఏదో ఒకటి ఉంటది గదా. చేతుల పట్టుకుంట. పొద్దుగాల నీ ఫోన్ ఎత్తలే గానీ, ఆమె పోయిందని సంఘపోళ్ళు మెసేజ్ పెట్టిన్రు. అప్పట్నుంచి అదే ఆలోచన. నువ్వు వస్తవని తెలుసు, బొంద అడుగుతవని తెలుసు. ఇన్ని మాటలన్న గానీ, లేదని చెప్పనీకి కాదు. నిన్ను జర ఏడిపిచ్చి ఒప్పుకుందామనే ఉన్న. ఏంది? ఏడుస్తున్నవా?"

"లేదక్కా."

"మరెందుకు గట్ల మొఖం దించుకున్నవ్? ఒప్పుకున్న గదా. లెవ్వు. పోయి తవ్వేటోళ్ళను పిలువు. నేను చీర తీస్కోని వస్త."

"తవ్వుడయిపోయిందక్కా."

"ఏం తవ్వుడు?"

"పొద్దుగాల్నే. తవ్వేటోళ్ళు దొరకలే. బిక్షపతి తవ్వే మిషన్ పని లేక ఆడ్నే నిలబడ్డది. అక్క ఒప్పుకున్నదని చెప్పిన. డ్రైవర్ బొంద తీసిండు. నువ్వు ఒప్పుకుంటే ఇగ చెప్పే పని ఉండదనుకున్న."

"మిషన్‌తోనా? మా అమ్మను మిషన్‌తోనా?"

"టైము లేదక్కా."

"మూట గట్టినవా? తమ్మీ, మూట గట్టినవా? ఏడ పెట్టినవ్రా?"

"నేను ఆడ లేను. శవపెట్టె కొననీకి పోయిన. వచ్చేసరికి..."

"మా అమ్మ ఏడున్నదిరా?"

"మట్టంతా ఎత్తి తొవ్వ గుంతలల్ల పోసి చదును జేసిండక్కా. మా అమ్మ బండి దిగబడొద్దని."