ఆకాశానికి తాడు

అమీర్‌పేటలో జావా క్లాసు ముగియగానే కోచింగ్ సెంటర్ యజమాని మాస్టారిని ఆపాడు.

"అంతరిక్షానికి లిఫ్టు కట్టాలనేటోళ్ళ ల్యాబుకు నిజంగనే పోతవా భాయ్?"

"అవునండి. దాని తాడు మీద పరిశోధన."

"ఇనుప తాడు ఆగదా?"

"ముప్పై ఆరువేల కిలోమీటర్లు దాటి వేలాడాలండి. ఇనుమైతే సొంత బరువుకే తెగుతుంది. కార్బన్ దారం ఆగుతుందని లెక్క."

"ఎంత పొడుగు చేసిన్రు?"

"అంత గట్టిది జానెడు కూడా రాలేదండి."

"నీ పేరు చూసే బ్యాచులు నిండుతున్నయి. జానెడు దారం కోసం వదులుతవా? అయితదని నమ్మకముందా?"

"తెలీదండి. కుదరకపోతే, ఎందుకు కుదరదో నేను తెలుసుకోవాలి."

యజమాని గుమ్మం పైనున్న సెంటర్ బోర్డు వైపు చూశాడు.

"మన పిల్లలను మూడు క్లాసులు ఉచితంగ విన్నంకనే చేరమంటం గద. నువ్వు సుత కొన్నాళ్ళు పోయి చూడు. అప్పటిదాక బోర్డు మీద నీ పేరు తియ్యను."