బావగారి కరెంటు కోత

ఏదీ, ఆ కాయితం ఇలా ఇయ్యి నవోమీ. సంతకం తర్వాత పెడుదువుగాని, ముందు టీ తాగు. నా కళ్ళజోడు... ఆ, ఇక్కడే ఉంది. మూడేళ్ళదాకా మారని ఫిక్స్‌డ్ రేటా? బాగుంది. సరిగ్గా ఇలాంటి కాయితమే పన్నెండేళ్ళ కిందట ఈ టేబుల్ మీదే నా ముందు పెట్టారు. పెన్ను కూడా తీశాను. దైవాశీర్వాదం బావగారు అడ్డం పడకపోతే పెట్టేసేదాన్నే. ఆయన్ని నువ్వు చూళ్ళేదులే, నీ పెళ్ళికి ముందే పోయారు. మీ మావయ్యగారికి స్వయానా అన్నగారు. మన హాల్లో ఫొటోలో మంకీ టోపీ పెట్టుకుని ఉంటారే, ఆయన. చలికాలంలో తీసిందనుకుంటారు అందరూ. కాదు, నడి జూలై. కోల్డ్ రూమ్‌లోంచి బయటికొస్తుంటే మీ ఆయన తీశాడు.

అప్పటికి మన దోసెల పిండి అమెరికాలో ఈ షామ్‌బర్గ్ ఊరి చుట్టుపక్కల ఇండియన్ షాపులన్నిట్లో ఉంది. ఎనిమిది గ్రైండర్లు, ఈ కోల్డ్ రూమే. పేరు బాగానే ఉంది, మిగిలేది మాత్రం అంతంతే. దానికి తోడు కరెంటు వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం, వచ్చే జూన్ నుంచి కెపాసిటీ చార్జి నాలుగింతలవుతుందని. అదేంటో నీకు తెలుసుగా? నాకప్పుడు తెలీదు. ఎవాన్ అని ఒకబ్బాయి వచ్చి చెప్పాడు, కరెంటు కాంట్రాక్టులు అమ్ముకునే కుర్రాడు, నీట్‌గా టై కట్టుకుని. వేసవి మొత్తంలో ఊళ్ళన్నీ కలిపి కరెంటు ఎక్కువ లాగిన గంటలు అయిదు చూస్తారంట. ఆ అయిదు గంటల్లో మనమెంత లాగామో, దాన్నిబట్టే వచ్చే ఏడాదంతా మన చార్జి. ఏ గంటలబ్బాయ్ అంటే, వేసవి అయిపోతేగానీ తెలీదంటాడు. గడియ తెలీని ప్రభువు రాకడలాగే ఉంది మీ వ్యవహారం అన్నారు మీ మావయ్యగారు. 'అందుకే మిసెస్ పర్సిస్, ఫిక్స్ ఇట్ అండ్ ఫర్గెట్ ఇట్' అన్నాడు వాడు. వాడి ఫిక్స్‌డ్ రేటు కడితే బతుకుతాం, అంతే, ఏమీ మిగలదు. కట్టకుండా నాలుగింతల చార్జి నెత్తిన పడితే మూసెయ్యడమే. అదీ నా పరిస్థితి.

బావగారు అక్కడ మూల కూర్చుని మినప్పప్పులో రాళ్ళేరుతున్నారు. ఇక్కడ పప్పులో రాళ్ళుండవండీ అంటే వినరు. తలెత్తకుండానే, 'అమ్మా పర్సిస్, నాకొక్క వేసంకాలం ఇయ్యమ్మా' అన్నారు. ముప్పై ఏళ్ళు నర్సాపురంలో ఐస్ ఫ్యాక్టరీ నడిపిన మనిషి. సొంతం కాదులే, షిఫ్టు ఆపరేటరు. రొయ్యల వాళ్ళు లారీలు పెట్టుకుని గేటు బయట కాసుకుని ఉండేవాళ్ళు. వారానికి రెండ్రోజులు పవర్ హాలిడే, మిగతా రోజులు ఇష్టమొచ్చినప్పుడు కోత. అయినా ఒక్క లారీ ఖాళీగా వెనక్కి పోలేదని చెప్పుకునేవారు. 'కరెంటు ఉన్నప్పుడు చలవ దాచుకోవాలి, లేనప్పుడు వాడుకోవాలి, ఇంతేనమ్మా విద్య' అనేవారు. ఇక్కడ కోతలెక్కడున్నాయి బావగారూ, ఇది నర్సాపురం కాదు కదండీ అన్నాను. 'వాళ్ళు తియ్యకపోతే మనమే తీద్దాం' అన్నారు. అమెరికాలో కూర్చుని తనంతట తానే కరెంటు కోత పెట్టుకున్న మనిషి ఆయనొక్కరే అయ్యుంటారు. గ్రైండర్ల దగ్గర శేషమ్మ చేసేది, ఖమ్మం మనిషి, నోరు ఊరుకోదు. 'పెద్దయ్యగారూ, ఈ కోతలు పడలేకే గదా నేను మా బిడ్డెంట ఈడికొచ్చింది, మళ్ళ మీరు ఎంటబడొచ్చిన్రా' అంది. నేనూ నవ్వాను. అయినా ఎవాన్‌ని ఆ ఏటికి పంపించేశాను. ఎందుకంటావా? ఆయన గొంతులో కంగారు లేదు, అంతే.

ఆయన పద్ధతి చెప్తా విను. పొద్దు గూకాక పడమటి గోడ దగ్గరికెళ్ళి, ఇటుకల మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడేవారు. 'మొదటి రోజు ఎండ గోడలోకి పోద్ది. రెండో రోజు గోడలోంచి ఇంట్లోకొస్తది. మూడో రోజు ఇంట్లోంచి మనిషిలోకి. ఆ రోజు ఊరూరా ఏసీలు గింజుకుంటాయి' అనేవారు. గోడ ఇంకా కాలుతుంటే రేపు కోత. అంటే ఆ పొద్దున నాలుగింటికే రుబ్బుడు మొదలు. నూనె డబ్బాలు కడిగి, నీళ్ళు పోసి, ఫ్రీజర్లో గడ్డ కట్టించి కోల్డ్ రూమ్ నిండా పేర్పించేవారు. మధ్యాహ్నం మూడింటికి మెయిన్ స్విచ్ దించి, తాళం వేసి, చెవి చొక్కా జేబులో. మళ్ళీ ఆరింటికే. మధ్యలో కోల్డ్ రూమ్ తలుపు తియ్యడానికి వీల్లేదు. జీతమిస్తూ ఊరికే కూర్చోబెడుతున్నానే అని నాకు కడుపు మంట. మొదటి రెండు కోతల రోజులూ సాయంత్రానికి మబ్బేసి వాన కూడా పడింది. చర్చిలో ఎవరో అన్నారు, మీ బావగారు కోతలు పెడితే వానలొస్తున్నాయండీ, మా లాన్‌కి కూడా కాస్త చెప్పండని.

అసలు సంగతి జూలైలో ఒక శుక్రవారం జరిగింది. మర్నాడు కన్వెన్షన్ సెంటర్లో తెలుగు వాళ్ళ సభ, పొద్దున్నే రెండు వేల మందికి టిఫిన్, పిండి మనదే. అర టన్ను. అంత పెద్ద ఆర్డరు అదే మొదటిసారి. అది పోతే మన పేరు పోతుంది, పేరు పోయాక ఇక కరెంటు బిల్లుతో పనేముంది. ఎండ మూడో రోజు. పిండి మొత్తం రుబ్బి, పులియబెట్టి కోల్డ్ రూమ్‌లో పెట్టేశాం. మూడింటికి మెయిన్ దించగానే ఫోను, జనం పెరిగారు, ఇంకో వంద కిలోలు కావాలని. మర్నాటి కోసం నానబోసిన బియ్యం, పప్పు ఉండనే ఉన్నాయి. నేను గ్రైండర్ల వైపు పరిగెత్తాను. బావగారు మెయిన్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. 'బావగారూ, ఇయ్యాళొక్కరోజు వదిలెయ్యండి' అన్నాను. 'ఇయ్యాళే వదలకూడదమ్మా' అన్నారు. 'ఈ కంపెనీ నాదండీ' అన్నాను. అన్నాను మరి, దాచడమెందుకు. ఆయన జేబులోంచి తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు. 'నీదే. వెయ్యాలంటే నువ్వే వెయ్యి. ఆరింటికి రుబ్బినా ఈ ఉక్కకి అర్ధరాత్రికల్లా పొంగుద్ది' అన్నారు.

ఆ చెవి పట్టుకుని మూడు గంటలు కూర్చున్నాను. చీకట్లో, ఫ్యాను లేకుండా. కోల్డ్ రూమ్ లోపలి వేడి చూపించే థర్మామీటరు తలుపు బయటే ఉంటుందిగా, అది ముప్పై నాలుగు ఫారెన్‌హీట్ దగ్గర మొదలైంది. నలభై ఒకటి దాటితే ఆ పిండి పారబొయ్యాల్సిందే, రూలు. నాలుగింటికి ముప్పై ఆరు. అయిదింటికి ముప్పై ఎనిమిది. శేషమ్మ అట్టముక్కతో నాకు విసురుతోంది. అయిదున్నరకి ముప్పై తొమ్మిది. బావగారు రాళ్ళేరుకుంటున్నారు. ఆరింటికి ముప్పై తొమ్మిదిన్నర. అక్కడే ఆగింది. నేనే స్విచ్ వేశాను. పొద్దున్నే అర టన్నూ, ఆపైన వంద కిలోలూ వెళ్ళాయి. ఒక్క గరిటె వెనక్కి రాలేదు.

ఆ ఏడాది తొమ్మిది రోజులు కోత పెట్టారాయన. లెక్క వసంతంలో వచ్చింది. నాలుగు కోతలు వృథా. మిగతా అయిదూ ఆ అయిదు గంటలు పడ్డ రోజులే. ఆఖరిది సెప్టెంబర్లో, బళ్ళు తెరిచాక, ఇంకెక్కడి ఎండలండీ అని అందరం నవ్విన రోజు. రేటు నాలుగింతలే అయింది, మన వంతు మాత్రం ఎనిమిదో వంతుకి పడిపోయింది. పాత బిల్లులో సగం. ఆ తేడాతోనే రెండో వ్యాను కొన్నాం. ఎవాన్ మళ్ళీ వచ్చాడు కాంట్రాక్టు పట్టుకుని, ఆ లెక్క చూసి నోరు తెరిచాడు. 'వాట్ సాఫ్ట్‌వేర్ డు యూ యూజ్, సర్?' అన్నాడు. బావగారు వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి, చెయ్యి పట్టుకుని పడమటి గోడకి ఆనించారు. ఏప్రిల్ నెల. గోడ మంచుగడ్డలా ఉంది. వాడు ఆయన మొహంలోకీ గోడకేసీ చూస్తున్నాడు. 'జూలైలో రావయ్యా' అన్నారు. వచ్చాడు కూడా. పాపం, నోట్‌బుక్ తెచ్చుకున్నాడు.

ఇప్పుడు మళ్ళీ రేట్లు పెంచుతున్నారంటున్నావు. పెంచనీ. మరి నువ్వొచ్చాక ఆ కోతలన్నీ ఎందుకు మానేశావు, పాతకాలం పద్ధతులనా? ఏం లేదు, ఊరికే అడుగుతున్నా. అవునూ, ఎండలు ఎప్పుడు మొదలయ్యాయి, మంగళవారమా? అంటే ఇయ్యాళ మూడో రోజు. నిన్న సాయంత్రం నేను గోడ చూశాను, అరచెయ్యి ఆనలేనంత వేడి. ఫ్రీజర్లో డబ్బాలున్నాయిలే, నేనే పెట్టించాను, కోల్డ్ రూమ్‌లోకి మార్పించు. టైమెంతయింది? రెండు నలభయ్యా? ఇంకా కూర్చున్నావేంటి మరి, లే. తాళం చెవి ఆ మేకుకే ఉంది.