బొంత మీద నడిచిన మిషను

మస్తానమ్మనీ, దూదేకులోళ్ళ ఆడమనిషి, మా చెల్లెలోళ్ళ ఊళ్ళో ఉండిద్ది. బొంతంటే ఆవిడే కుట్టాల, ఇంకొకళ్ళు కుడితే అది బొంత కాదు, గోనెపట్టా అనుకో. నేల మీద ఒక చీర పరిచిద్దంట, దాని మీద పాత పంచెలు పరిచిద్దంట, పైన మళ్ళీ చీర. ఇక కూర్చుందంటే ముందు నాలుగంచులూ మూసేసిద్ది. మూసేసి, అంచెమ్మట చుట్టూ తిరుగుతా, తిరుగుతా, తిరుగుతా లోపలికొచ్చిద్ది. ఆఖరి కుట్టు సరీగ్గా నడిమధ్యలో పడాల. వాళ్ళమ్మ అట్టానే కుట్టింది, వాళ్ళ అమ్మమ్మ అట్టానే కుట్టింది. అంచు మూయకుండా బొంత మొదలెడితే వెచ్చదనం నాలుగు పక్కలా కారిపోయిద్దని వాళ్ళ నమ్మకం. నవ్వమాక పంతులమ్మా, అది కూడా రాసుకో. ఆ బొంతలు కప్పుకున్నోళ్ళనడుగు, చలికాలం వచ్చిందీ పోయిందీ కూడా వాళ్ళకి తెలవదు.

ఈవిడకి ఒక కూతురు ఉండేదంట, దస్తగిరమ్మ. మాయదారి జొరం వచ్చి చిన్న వయసులోనే పోయింది. పోయేముందు అమ్మ చెయ్యి పట్టుకుని ఏమందంటే, అమ్మా, నా చీరలు ఎవరికీ పంచమాక, నా బిడ్డ నాగూర్‌బీ పెద్దదై, కాన్పయి నీళ్ళాడిననాడు, పుట్టిన బిడ్డని నా చీరల బొంత మీద పడుకోబెట్టు, ఆ బొంత మాత్రం నీ చేత్తోనే కుట్టు, ఇంకొకళ్ళ చేతికియ్యమాక అంది. ఈవిడ సరే తల్లీ అంది. ఏళ్ళు గడిచినయ్యి. అమ్మమ్మ చేతిలోనే నాగూర్‌బీ పెరిగింది, పెళ్ళయింది, ఏడో నెల పెట్టుకుని పురిటికొచ్చింది. ఇక చీరలు బైటికి తీద్దామనుకునేసరికి ఏమైందంటే, మస్తానమ్మ వేళ్ళు మాట వినటం మానేసినయ్యి. కీళ్ళవాతం. సూది పట్టుకుంటే జారిపోయిద్ది. వంగి వెతుక్కుని తీసుకుంటది, మళ్ళీ జారిపోయిద్ది. అన్నం కలపటానికే అరచెయ్యంతా పెట్టి కలిపిద్దంటే ఇక సూదేం పట్టిద్ది? ఊరందరికీ కుట్టిపెట్టి, కన్నకూతురికిచ్చిన మాట కాడికొచ్చేసరికి చెయ్యి పోయింది. చీరల మూట ఒళ్ళో పెట్టుకుని ఏడిచిందంట, పెద్ద మనిషి, ఎక్కిళ్ళు పెట్టి ఏడిచిందంట. కాసిని మంచినీళ్ళియ్యండి.

ఆ. మస్తానమ్మకి సైదాబీ అని ఒక కోడలుంది, జాకెట్లు కుట్టిద్ది, కరెంటు మిషనుంది. అత్తా, నేను కుట్టిపెడతాలే, నువ్వు దిగులు పడమాక అంది. నీ చెయ్యి నా చెయ్యెట్టా అయిద్దే, నేను ఒట్టేసింది నా చేతికి అని ముసలామె కసురుకుంది. సైదాబీ పోయి తన జాకెట్లు కుట్టుకుంది. కానీ ఆ పిల్ల మొండిది, మనసులో పెట్టుకుంది. ఒకనాడు సెల్లులో చూసిందంట, ఏదో దేశంలో ఒక తెల్లామె, తల ముగ్గుబుట్ట, వాళ్ళింట్లోనే నిలబడి బొంత కుడతంది. ఎట్టాగనుకున్నారు? మనం మిషను కుడితే ఎట్టా కుడతాం, మిషను ఒక చోటే ఉండిద్ది, బట్టని దాని కిందికి తోస్తాం, అంతేగా? ఆడ బట్ట కదలదంట! చట్రానికి బిగించిన బట్ట బిగించినట్టే ఉండిద్ది, మిషనే దాని మీద నడిచిద్దంట! రెండు పిడులుంటయ్యి, పిడులు పట్టుకుని ఎటు తోస్తే అటు పోయిద్ది, పోయిన దారంతా కుట్టుకుంటా పోయిద్ది. సైదాబీ ఆ మిషను వంక చూడలా, ఆ తెల్లామె చేతుల వంక చూసింది. ఆమె వేళ్ళతో పట్టట్లా, పిడికిలితో తోస్తంది. అది చూసి ఈ పిల్ల గభాలున లేచి నిలబడిందంట.

ఇక చూసుకో, వసారా అంతా ఇనపకొట్టు చేసింది. పందిళ్ళేసేవాళ్ళ దగ్గర పాత గొట్టాలు తెచ్చింది, వెల్డింగాయన చేత మంచమంత చట్రం కట్టించింది. ఒక గొట్టానికి కింద చీర, ఇంకో గొట్టానికి పై చీర, మధ్యలో పంచెలు, కుట్టిన మేర చుట్టుకోటానికి ఇంకో గొట్టం. చట్రం మీద పట్టాలు. పట్టాల మీద ఒక పలక, దానికి కిటికీ అద్దాలు జరిపే చక్రాలు, అది అటూ ఇటూ పోయిద్ది. ఆ పలక మీద ఇంకో పలక, అది ముందుకీ ఎనక్కీ పోయిద్ది. ఆ పై పలక మీద తన జాకెట్ల మిషను ఎక్కించి, బట్టని లాగే పళ్ళు కిందికి దించేసింది. కాలితో తొక్కేదాన్ని తీసి పిడికి కట్టింది, అరచేత్తో అదిమితే చాలు. ఇదంతా ఎవరు నేర్పారే నీకంటే, మా అత్త ఏడుపు నేర్పిందంది. అయితే మొదటిరోజు ఏమైందంటే, ఊళ్ళో ఆడోళ్ళంతా చూడ్డానికొచ్చి నిలబడ్డారు. కరెంటు పెట్టలా, ఎవరూ ముట్టుకోలా. మిషను దానంతటదే కదిలింది! మెల్లగా, మెల్లగా, చట్రం ఈ చివర నించి ఆ చివరకి పోయి టక్కున ఆగింది. అమ్మో! మా చెల్లెలు చెప్పులు కూడా అక్కడే వదిలేసి పరిగెత్తింది. దస్తగిరమ్మ వచ్చిందనీ, చీరలు ముట్టుకోవద్దంటందనీ ఒకటే గోల. సైదాబీకి చిర్రెత్తుకొచ్చింది. పళ్ళెం నిండా నీళ్ళు పోసి పట్టాల మీద పెట్టింది, నీళ్ళు ఒక పక్కకే ఒలికినయ్యి. వానజల్లు పోవటానికి వసారా వాలుగా కట్టుకున్నారమ్మా, దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, మా అత్త కూతుర్ని దెయ్యమంటారా అని అందర్నీ దులిపేసింది. ఆ పక్క చట్రం కాళ్ళ కింద బండముక్కలు పెట్టింది, పళ్ళెంలో నీళ్ళు నిలిచినయ్యి, మిషనూ నిలిచింది.

మస్తానమ్మని తీసుకొచ్చి నిలబెట్టారు. ఆవిడకి ముందు సిగ్గేసిందంట, నిలబడి బొంత కుట్టటమేంటే, గోడకి సున్నమేసినట్టు అంది. ముందు ఒక చిరుగు దుప్పటి మీద నేర్చుకుంది. చెయ్యి ఆగితే కుట్లన్నీ ఒకేచోట గుట్టపడినయ్యి, చెయ్యి ఉరికితే కుట్లు బారెడు బారెడు పడినయ్యి. నాలుగు సూదులు విరిగినయ్యి. వారం తిరిగేసరికి చెయ్యీ మిషనూ ఒక నడకకొచ్చినయ్యి. దస్తగిరమ్మ ఎర్ర చీర, పసుపు చీర, ఆకుపచ్చ చీర ముక్కలు అతికి పై చీర చేసి, ఇక చీరలు ఎక్కిద్దామత్తా అంది సైదాబీ. ఎక్కిద్దాం గానీ ముందు అంచులు మూయాల అంది ఈవిడ. సెల్లులో ఆమె అట్టా చేయలేదత్తా, అంచులు ఆఖరున మూసిందంటే, ఆమెకేం తెలుసే, మా అమ్మ కన్నా తెలుసా అంది. సైదాబీ పంచెలు మధ్యలో పెట్టి నాలుగు పక్కలా నాలుగంచులూ మూసి, మొత్తం ఒకే గొట్టానికి చుట్టిచ్చింది. బిస్మిల్లా అనుకుని ఈవిడ మొదలెట్టింది. జానెడు మేర కుట్టటం, గొట్టం తిప్పి చుట్టటం, మళ్ళీ జానెడు కుట్టటం, మళ్ళీ చుట్టటం. సగం దాకా బంగారంలాగా పోయింది. సగం దాటాక పై చీర లేవటం మొదలెట్టింది. ఇంకాస్త పోయేసరికి నడిమధ్యలో పొట్ట లేచింది, నా తొమ్మిదో నెల పొట్టకి తోడుగా ఇదొకటి లేచిందే అమ్మమ్మా అని నాగూర్‌బీ కూడా భయపడింది. అంచులు మూసేశారు గదా, వదులుగా ఉన్న గుడ్డ పోవటానికి దారి లేదు, కుట్టుకుంటా పోయే కొద్దీ ముందుకి తోసుకొస్తంది. ఇంకొక్క జానెడు పోతే మడత మీద మడతబడి, దాని మీద కుట్టు పడిద్ది. పాత చీరలు, మళ్ళీ విప్పబోతే చిరుగుతయ్యి, ఇంకో జత లేదు. ఆ కూతురివి అవే, అంతే.

మస్తానమ్మ మిషను ఆపింది. పొట్ట మీద అరచెయ్యి పెట్టి తడిమింది, అంచు దాకా తడిమింది, మళ్ళీ ఎనక్కి తడిమింది. తర్వాత అందీ, అమ్మాయ్, నేల మీద కుట్టేటప్పుడు ఈ వదులుని నా వేళ్ళు సర్దుకుంటా పోయినయ్యే, అందుకని అంచు మూసినా కుదిరింది, దీనికి వేళ్ళు లేవు, అంచులు విప్పు అంది. అత్తా, అంచు విప్పితే వెచ్చదనం... అని కోడలు నసిగింది. నేల మీద సంగతి నేల మీదనే, ఇది గాల్లో కుట్టే బొంత, మా అమ్మ ఇది చూస్తే తనూ విప్పమనే అంటది, విప్పు అంది. డెబ్భై ఏళ్ళు పట్టుకున్న మాటని అట్టా ఒక్క ఊపున వదిలేసింది చూడండి, ఆ గుండెకి దణ్ణం పెట్టాల. సైదాబీ కుట్టని మేరంతా అంచులు ఒక్కొక్క పోగే తెంపింది. బిగుసుకున్న గుడ్డ చదునుగా జారింది. పొట్ట పోయింది.

ఇక అక్కణ్ణించి నేను చూశా. మా చెల్లెలు కబురు పెడితే బస్సెక్కి పోయా, ఇది విన్నమాట కాదు, కన్నమాట. ఆ ముసలామె చెయ్యి చాపి నాలుగు వేళ్ళు ఎత్తలేనిది, పిడులు పట్టుకుని నిలబడింది. అరచేత్తో అదిమింది. మిషను గుయ్యిమని లేచింది, లేచి నడిచింది. చీర మీద నడిచింది! అది పోయిన ఎమ్మట తీగ పడతంది, ఆకు పడతంది, తీగ తిరిగి మొగ్గ పడతంది. ముగ్గు గాదు, గీత గాదు, ఏం చూసుకుని కుట్టట్లా. ఇన్నేళ్ళూ వరసలే కుట్టిందంట, చేత్తో అంతకంటే ఎవరు కుడతారు, ఇన్ని తీగలు ఆవిడ లోపల యాడున్నయ్యో నాకు తెలవదు. ఆడుకునే పిల్లలు కూడా వచ్చి చట్రం చుట్టూ చేరారు. అట్టా కుడతా కుడతా ఆకుపచ్చ చీర కాడికొచ్చింది. నాగూర్‌బీని కన్ననాడు దస్తగిరమ్మ కట్టుకున్న చీర అది. ఆడ ముసలామె చెయ్యి వణికింది. తీగ వంకర పోయింది, పిచ్చిగీతలాగా ఒక బెత్తెడు మేర అటూ ఇటూ కొట్టుకుంది. ఆపేసింది. విప్పుదామా అత్తా అంటే, విప్పితే చీర నిలవదే అంది. తల దించుకుని అట్టాగే మిగతాది కుట్టి, ఆఖరున అంచులు మూసింది. నా కూతురి చీర మీదే తప్పు కుట్టానే అని ఆవిడ మొకంలో ఒకటే దిగులు. అది చాలనట్టు అక్కడున్న ఒకామె, నోరు ఊరుకోదు గదా, ఎంత బాగున్నా మిషను కుట్టు మిషను కుట్టే, కూతురు అడిగింది చేతికుట్టు గదా అంది. నాకు ఆమె నోట్లో గుడ్డలు కుక్కుదామనిపించింది. మస్తానమ్మ బొంత మడతపెట్టి లోపలికి పోయింది.

నేను మా ఊరొచ్చేశాక నాగూర్‌బీ నీళ్ళాడింది, ఆడపిల్ల, ఇదంతా మళ్ళీ మా చెల్లెలు చెప్పిందే. అమ్మమ్మ బొంత తెచ్చింది గానీ పరచట్లా, చేతుల్లో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. అందీ, తల్లీ, మీ అమ్మ నా చేత్తో కుట్టమంది, నేనేమో ఇట్టా కుట్టా, మీ అమ్మ ఒప్పుకుంటదో లేదో, నీ ఇష్టం అంది. నాగూర్‌బీ పడుకునే చెయ్యి చాపి బొంత లాక్కుంది. ఎర్ర చీర మీద తడిమింది, పసుపు చీర మీద తడిమింది, ఆకుపచ్చ చీర కాడ చెయ్యి ఆగింది. ఆ వంకర తీగ మీద వేలు పెట్టి, ఈ చివర నించి ఆ చివరకి మెల్లగా నడిపించింది. అమ్మమ్మా, మిషనుకి ఏడుపొచ్చిద్దా అంది. ఈవిడ రాదమ్మా అంది. మరి ఇక్కడ ఏడిచిందెవరు, నీ చెయ్యే గదా, అమ్మ అడిగిన చెయ్యి ఇదే అంది. అని బిడ్డని తీసి సరీగ్గా ఆ వంకర తీగ మీద పడుకోబెట్టింది. మస్తానమ్మ గోడకి చేరగిలబడి కూర్చుండిపోయిందంట.

ఆ బొంత మీద ఆ పిల్ల చేసిన మొట్టమొదటి పనేంటో చెప్పమంటారా? తడిపింది. ఏడుగురి ముందు, బొంత పరిచిన పావుగంటలో, ఆకుపచ్చ చీర అంతా తడిపిపెట్టింది. సైదాబీ అయ్యో అయ్యో అని లాగబోతే మస్తానమ్మ, ఉండనియ్యవే, మా దస్తగిరమ్మ కూడా ఇంతే, కొత్త గుడ్డ పరిస్తే ఆగేది కాదు అందంట. అని నవ్విందంట. ఇంతే కథ. రాసుకున్నావుగా పంతులమ్మా, ఇక కాయితం మూసెయ్యి, నా నడుం పట్టేసింది. నాకూ ఒక బొంత కావాలని మస్తానమ్మనడిగితే, ముందు మీ ఇంట్లో ఎవర్నన్నా నీళ్ళాడమను, అప్పుడు చూద్దాం అంది. మా ఇంట్లో ఉన్నది నేనూ మా ముసలాయనే.