నిచ్చెన పట్టుకున్న బిషప్ గారు

"నమ్మితే నమ్మండి, లేకపోతే మానెయ్యండి. ఇవాళ పొద్దున జరిగింది జరిగినట్టు చెప్తున్నా. ఒక్క ముక్క కలిపితే నా కుంచె వెంట్రుకలన్నీ రాలిపోవాలి!" అంటూ పెయింటరు టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"దానికి ఎప్పుడో గుండైంది," అంది టీ కొట్టు అక్క గ్లాసు అందిస్తూ.

"అక్కా, నువ్వు టీ పొయ్యి, పుల్లలు పెట్టకు. వినండర్రా. పోయినేడు నేను పడింది ఆ వెనక వీధి చర్చి శిఖరం మీంచే కదా. కాలు అతుక్కుంది గానీ మనసు అతుక్కోలేదు. ఆ దేవుడి ఇంటికి రంగేస్తుంటే ఆయనే కింద పడేస్తే ఇంక ఎవరితో చెప్పుకోవాలి? అప్పట్నుంచి దేవుడికీ నాకూ మాటల్లేవు. ప్రార్థన మానేశా, నిచ్చెనా మానేశా. గేట్లూ కిటికీలూ, నేల మీద నిలబడి చేసే పనులే. ఇంటావిడ మొహం చూడాలంటే సిగ్గేసేది. ఇవాళ శిఖరం మీద సిలువకి రంగెయ్యకపోతే పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తామన్నారు చర్చి వాళ్ళు. ఇవాళ ఎక్కకపోతే ఈ జన్మలో ఎక్కలేనని నాకు తెలుసు. వెళ్ళి నిచ్చెన ముందు నిలబడ్డా. కాళ్ళు ఒకటే వణుకు. చలికిలే! అప్పుడు ఎవరొచ్చారో తెలుసా?"

"ఎవరొచ్చారేంటి?" అన్నాడు పక్కనున్న మంగలి.

"బిషప్ గారు! పని చూడ్డానికి వచ్చారు. 'ఏం నాయనా, ఎక్కవా?' అన్నారు. 'దేవుడి మీద నమ్మకం పోయిందండీ' అని మొహం మీదే అనేశా. ఇంకొకరైతే అక్కడే కూర్చోబెట్టి బైబిలు వాక్యం మొదలెట్టేవాళ్ళు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, నిచ్చెన అడుగున కాలు అడ్డం పెట్టి, గట్టిగా పట్టుకున్నారు. 'నమ్మకం సంగతి తర్వాత చూద్దాం. నువ్వు ఎక్కి దిగేదాకా నేను వదలను' అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఒట్టు."

కొట్టు గుమ్మం దగ్గర పెయింటరు బావమరిది రంగు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. వచ్చినప్పట్నుంచీ కూర్చోమంటే కూర్చోవట్లేదు.

"బావా," అన్నాడు.

"ఉండరా! ఇక చూస్కోండి, కళ్ళు మూసుకుని ఎక్కేశా. సగంలో కుంచె జారితే కాలివేళ్ళతో పట్టుకున్నా. ఇంకా పైకెళ్తే నిచ్చెన అయిపోయింది! మామూలోడైతే దిగొచ్చేస్తాడు. నేను ఉత్త విశ్వాసం మీద ఎక్కేశా."

"దేన్ని పట్టుకుని?" అన్నాడు మంగలి.

"విశ్వాసమంటున్నా కదయ్యా! పట్టుకోడానికి ఏదైనా ఉంటే అది విశ్వాసం ఎట్లా అవుద్ది? సిలువకి రంగు కొట్టేశా, అద్దంలా మెరుస్తోంది. డబ్బాలో కాస్త రంగు మిగిలింది. పారబోయడం నా ఒంటికి పడదు కదా, అటుగా నల్లమబ్బు పోతుంటే ఆపి దానికీ ఒక కోటింగు లాగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? విమానం వచ్చింది. డ్రైవరు అద్దం దించి 'అన్నా, దారి ఇటేనా?' అనడిగాడు. 'తడి రంగు, చుట్టు తిరిగి పో' అన్నా. పాపం, పోయాడు."

"మరి చేతులకి రంగు మరకే లేదే?" అంది అక్క.

పెయింటరు చేతులు గబుక్కున తొడల కింద పెట్టుకున్నాడు. "వానలో తడిచాయి. మబ్బులోంచే కదా దిగింది! దిగేసరికి బిషప్ గారు తన కుర్చీ తెచ్చి వేశారు. 'ఇక నువ్వే కూర్చో నాయనా, నీ అంత విశ్వాసం నాకు లేదు' అని ఒకటే బతిమాలడం. నేనొప్పుకోలా. నేను బిషప్పునైతే ఊళ్ళో గేట్లకి రంగెవడేస్తాడు?"

అందరూ పగలబడి నవ్వారు. బావమరిది నవ్వలేదు.

"బావా, ఇక లే. మూడో మెట్టు మీంచి దిగి, టీ తాగొస్తానని చెప్పొచ్చావు. ఆయన ఇంకా నిచ్చెన పట్టుకునే నిలబడి ఉన్నారు."

నవ్వు ఆగిపోయింది. పెయింటరు గ్లాసు పక్కకి జరిపాడు.

"ఇంకానా? ఎండలో? వెళ్ళిపోయి ఉంటారనుకున్నాన్రా."

"ఎక్కి దిగేదాకా వదలనన్నారు కదా. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. మా అక్క కూడా వచ్చి అక్కడే నిలబడింది."

పెయింటరు బావమరిది చేతిలోంచి డబ్బా లాక్కున్నాడు. "అక్కా, ఇంకో టీ పొయ్యి. నాక్కాదు," అని వేడి గ్లాసు రెండో చేత్తో పట్టుకుని వెనక వీధిలోకి నడిచాడు. కొట్టంతా వెనకాలే కదిలింది.

ఎండకి బిషప్ గారి మొహం కందిపోయింది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. కాలు మాత్రం నిచ్చెన అడుగునే ఉంది.

"టీ అండీ," అన్నాడు పెయింటరు తలెత్తకుండా.

"నా చేతులు ఖాళీ లేవు నాయనా. నువ్వు దిగాక తాగుతాను."

పెయింటరు గ్లాసు ఇంటావిడ చేతిలో పెట్టాడు. "చల్లారనీకు, వచ్చేస్తా," అన్నాడు. డబ్బా భుజానికి తగిలించుకుని నిచ్చెన మొదటి మెట్టు ఎక్కాడు. రెండోది ఎక్కాడు. మూడో మెట్టు మీద చాలాసేపు ఆగాడు. కాళ్ళు వణుకుతున్నాయి, ఈసారి చలి అనలేదు.

"నమ్మకం వచ్చిందా?" అని కింద నుంచి అడిగారు బిషప్ గారు.

"మీరు వదలరని వచ్చిందండీ. మిగతాది పైకెళ్ళి ఆయన్నే అడుగుతా," అని నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడు.