హెస్టర్ క్విల్టర్‌ను ఇంటికి తీసుకెళ్ళిన సంగతి

నా పేరు గ్లెనిస్ ఆక్లండ్. వయసు యాభై ఎనిమిది. ఉండేది బార్న్‌స్లీలో. కారు నడపడం నేర్పడం నా వృత్తి. భర్త లేడు, పిల్లలు లేరు. ఇంతకుముందు నా మీద ఏ కేసూ లేదు. సార్జెంట్ లింటన్ గారు అడిగిన మీదట జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. లాయరును పిలిపిస్తామన్నారు, అక్కర్లేదన్నాను.

పోయిన శనివారం డాన్‌కాస్టర్‌లో ‘ఏడో కక్ష్య’ అభిమానుల సమ్మేళనం జరిగింది. ‘ఏడో కక్ష్య’ నా చిన్నప్పుడు టీవీలో వచ్చిన సీరియల్. అందులో అంతరిక్ష ఓడ కెప్టెన్‌గా వేసినావిడ హెస్టర్ క్విల్టర్. ఇప్పుడు ఎనభై మూడేళ్ళు. ఆవిడ ఆటోగ్రాఫ్ కోసమే వెళ్ళాను. అంతకుముందు ఆవిడను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు.

హాలు తలుపులు పదింటికి తీశారు. టోకెన్ కొని వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక బట్టతల ఆయన ఓడ సిబ్బంది వేసే వెండిరంగు కోటు వేసుకుని ఉన్నాడు. బొత్తాలు పట్టడం లేదు. వెనక ఉన్న వాళ్ళావిడ “పొట్ట లోపలికి లాక్కో, కెప్టెన్ చూస్తే ఓడలోంచి కిందికి తోసేస్తుంది” అంటే వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

బల్ల వెనక హెస్టర్ మేడమ్, ఆవిడ పక్కన చెల్లెలి కొడుకు డెస్మండ్ కూర్చున్నారు. టోకెన్ తీసుకోవడం, మన పేరు చిన్న చీటీ మీద రాసి ఫొటోకు అంటించడం, ఫొటోను ఆవిడ చేతి కిందికి జరపడం అతని పని. ఆవిడ ఆ చీటీ చూసి పేరు రాసి, కింద సంతకం పెడుతుంది. చెయ్యి వణకడం లేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

నా వంతు రావడానికి ముందు చీటీలు అయిపోయాయి. డెస్మండ్ వంగి సంచిలో వెతుకుతున్నాడు. ఆవిడ చేతి కింద ఫొటో లేదు. అయినా చెయ్యి ఆగలేదు. బల్ల మీద పరిచిన తెల్ల కాగితం మీద సంతకం పెట్టింది. దాని పక్కన ఇంకొకటి పెట్టింది. అప్పుడు చూశాను, ఆ కాగితమంతా ఆవిడ పేరే ఉంది. డెస్మండ్ లేచి ఫొటో పెట్టాడు. చెయ్యి ఫొటో మీదికి వచ్చింది.

నా వంతు వచ్చాక ఆవిడ నా ముఖంలోకి చూసింది.

“కారులో వచ్చావా, తల్లీ?”

“అవును మేడమ్.”

“అయితే నన్ను మా ఇంటి దగ్గర దింపెయ్.”

డెస్మండ్ నవ్వాడు. “మా పెద్దమ్మది ప్రతి శనివారం ఇదే పాట. ఇది అవ్వగానే వెళ్దాం పెద్దమ్మా, ఇల్లు ఎక్కడికీ పోదుగా.” తర్వాత నాతో “కొంచెం జరగండమ్మా, వెనక జనం ఉన్నారు” అన్నాడు.

నేను జరిగాను.

మధ్యాహ్నం ఆడవాళ్ళ టాయిలెట్‌లో ఆవిడ మళ్ళీ కనిపించింది. ఎవరో లోపలిదాకా తెచ్చి వదిలినట్టున్నారు. చేతులు కడుక్కునే చోట కుళాయి తిప్పి, దోసిలి పట్టి నీళ్ళు తాగుతోంది. కెప్టెన్ కోటు చేతులు మోచేతులదాకా తడిసిపోయాయి. అక్కడ వేడి నీళ్ళే వస్తాయి.

“బయట టీ దొరుకుతుంది కదా మేడమ్” అన్నాను.

“టీ తాగితే మాటిమాటికీ లేవాల్సి వస్తుందని మావాడు ఇవ్వడు. వరస ఆగిపోతుందట.” ఆ మాట మామూలుగా చెప్పింది, ఫిర్యాదులా కాదు. తర్వాత “బ్రిడ్లింగ్టన్‌లో మా ఇల్లు. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. నువ్వు కారులో వచ్చావా?” అంది.

అవునన్నాను.

ఇక్కడ సార్జెంట్ గారు నన్ను ఆపి, ఆ క్షణాన ఏమనుకున్నారని అడిగారు. ఏమీ అనుకోలేదు. ఆవిడ చేతులు తుడిచాను. పక్క తలుపు దగ్గర కాపలా ఉన్నతనితో “మేడమ్‌ను బయటికి తీసుకెళ్తున్నాను” అన్నాను. అతను సెల్యూట్ కొట్టి తలుపు తీశాడు. ఎవరూ అడ్డుకోలేదు. నేను పరిగెత్తలేదు, దాక్కోలేదు. నా కారు పైన పలక మీద నా పేరు, ఫోన్ నంబరు చేతెడు అక్షరాలతో రాసి ఉంటాయి. మనిషిని ఎత్తుకుపోవాలనుకున్నవాళ్ళు అలాంటి కారులో వెళ్ళరు.

బయల్దేరే ముందు సమ్మేళనం వాళ్ళ నంబరుకు ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

“హెస్టర్ క్విల్టర్ నా కారులో ఉన్నారు. బ్రిడ్లింగ్టన్‌లో వాళ్ళింటికి తీసుకెళ్తున్నాను. డెస్మండ్‌కు చెప్పండి.”

“అలాగే కెప్టెన్! శుభ ప్రయాణం. అంగారకుడి మీద ట్రాఫిక్ ఎక్కువుందట, చూసుకుని వెళ్ళండి” అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. పొద్దున్నుంచీ అలాంటి వేళాకోళపు ఫోన్లే వచ్చి ఉంటాయి. మళ్ళీ చేసి ఉండాల్సిందని సార్జెంట్ గారంటున్నారు. చేసి ఉండాల్సిందే. చెయ్యలేదు.

నా కారులో ఎడమ సీటు ముందు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్ళు తప్పు చేస్తే ఆపడానికి నేను వాడేవి. మేడమ్ ఆ సీట్లో కూర్చుంది. కాళ్ళు వెనక్కి పెట్టుకోమని చెప్పాను. బుద్ధిగా పెట్టుకుంది. దారిలో ఒకచోట ఆగి టీ, వెన్న రాసిన బన్ను కొనిచ్చాను. తిని నిద్రపోయింది. నిద్రలో కుడిచేతి వేళ్ళు ఒళ్ళో కదులుతూనే ఉన్నాయి.

బ్రిడ్లింగ్టన్ చేరాక వీధి పేరు అడిగాను. గుర్తులేదంది. ఇంటి నంబరూ గుర్తులేదు. సముద్రం పక్క రోడ్ల మీద పైకీ కిందికీ తిప్పాను. “ఇదా మేడమ్?” అంటే “ఏమో” అంటోంది. ఇక పోలీస్ స్టేషన్‌కే తీసుకెళ్దామని కొండవైపు వీధిలోకి తిరిగాను. అది నిజం, రాసుకోండి. ఆ వీధి మధ్యలో కారు ఉన్నట్టుండి గుద్దుకున్నట్టు ఆగిపోయింది. నా కాలు బ్రేకు మీద లేదు. చూస్తే మేడమ్ కాలు ఉంది. రెండు కాళ్ళతో తొక్కిపట్టింది.

వెనక వ్యాను వాడు హారన్ కొట్టి, పక్కకొచ్చి అద్దం దించాడు. “ఏమమ్మా, నేర్పేదానివి నువ్వేనా, నేర్చుకునేదానివా?”

మేడమ్ పచ్చ తలుపున్న ఇంటిని చూస్తోంది. “రంగు మార్చేశారు” అంది.

చేతిసంచిలోంచి తాళంచెవి తీసి తనే వెళ్ళి తలుపుకు పెట్టింది. తిరగలేదు. తీసి కోటుకు తుడిచి మళ్ళీ పెట్టింది. లోపల్నుంచి ఒకావిడ తలుపు తీసింది. ఆమె పేరు బియాటా. పోలండ్ నుంచి వచ్చి ఆ ఊళ్ళో నర్సుగా చేస్తోంది. నేను పక్కకు పిలిచి సంగతి చెప్పాను.

“ఈ ఇల్లు మేం కొనుక్కుని రెండేళ్ళయింది” అంది బియాటా చిన్నగా. “ఆవిడ తరఫున వాళ్ళబ్బాయి సంతకం పెట్టాడు.”

“అబ్బాయి కాదు, చెల్లెలి కొడుకు.”

“ఆవిడకు తెలీదా?”

మేడమ్ చేతిలోని తాళంచెవి చూపించాను. బియాటా మేడమ్ చెయ్యి పట్టుకుని “రండి, లోపలికి రండి. చలిగా ఉంది” అంది. ఆమె అలా పిలవాల్సిన అవసరం లేదు. పిలిచింది.

మేడమ్ ముందుగదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ బియాటా వాళ్ళది. బియాటాను అద్దెకున్న అమ్మాయి అనుకున్నట్టుంది. “వంటింటి కిటికీ గట్టిగా పైకెత్తి లాగితేగానీ మూసుకోదమ్మాయ్” అంది.

“నిజమే. రెండేళ్ళుగా దాంతో కుస్తీ పడుతున్నాం” అంది బియాటా.

మేడమ్ నవ్వింది. సీరియల్లో నవ్విన నవ్వు కాదు. నేనెప్పుడూ చూడని నవ్వు.

అక్కడినుంచే పోలీసులకు ఫోన్ చేసి చిరునామా చెప్పాను. అప్పటికే డెస్మండ్ ఫిర్యాదు ఇచ్చాడని తెలిసింది. ఇద్దరు పోలీసులతో అతనూ వచ్చాడు. లోపలికి వెళ్ళకుండా మెట్ల దగ్గరే నా మీద అరిచాడు.

“ఎవరు మీరు? వరసలో రెండు నిమిషాలు నిలబడి చూస్తే ఆవిడ గురించి అంతా తెలిసిపోయిందా?”

“గుక్కెడు టీ ఇవ్వకుండా కూర్చోబెడతావా?”

“టీ తాగితే ఆవిడకు ఏమవుతుందో, ఎవరు కడుగుతారో తెలుసా మీకు? నేను కడుగుతాను. ఇంట్లో ఉంచితే రోజంతా గోడవంక చూస్తుంది. అన్నం ముద్ద మింగదు. ఆ హాల్లో పదిమంది ‘కెప్టెన్’ అని పిలిస్తే ఆ రోజు తింటుంది. ఇల్లమ్మింది ఆవిడ మందులకే.” అంటూనే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు.

అతని మాట నమ్మారా అని సార్జెంట్ గారు అడిగారు. సగం నమ్మాను. ఏ సగమో చెప్పలేను.

ఆడ కానిస్టేబుల్ మేడమ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నన్ను చూపించి అడిగింది. “అమ్మా, ఈవిడ మిమ్మల్ని బలవంతంగా తీసుకొచ్చారా?”

మేడమ్ నన్ను చాలాసేపు చూసింది.

“ఈవిడెవరో నాకు తెలీదు” అంది. తర్వాత మళ్ళీ సముద్రం వైపు తిరిగింది.

అందులో అబద్ధం లేదు. ఆవిడకు నేను తెలీదు. పోలీసులు నన్ను కారెక్కించేటప్పుడు బియాటా వెనకాలే వచ్చి, “ఆవిడ ఎప్పుడొచ్చినా తలుపు తీస్తానని వాళ్ళకు చెప్పండి” అంది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

ప్రస్తుతానికి మేడమ్‌ను అదే ఊళ్ళో వృద్ధులను చూసుకునే చోట ఉంచారని, విచారణ అయ్యేదాకా ఏ సమ్మేళనానికీ తీసుకెళ్ళకూడదని డెస్మండ్‌కు చెప్పారని సార్జెంట్ గారన్నారు. ఆ గదిలోంచి సముద్రం కనబడుతుందా అని అడిగాను. తెలీదన్నారు.

డెస్మండ్‌కు నేరుగా చెప్పకుండా తీసుకెళ్ళడం తప్పా అంటే తప్పే. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేస్తారని అడిగారు. దానికి జవాబు చెప్పదలచుకోలేదు.

ఈ వాంగ్మూలాన్ని సార్జెంట్ గారు నాకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. ఒక్క మాట దిద్దమన్నాను. మొదట రాసినప్పుడు ఆవిడ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ‘బాధితురాలు’ అని రాశారు. కాగితాల్లో అలాగే రాయాలన్నారు. నా మాటలుగా రాస్తున్నప్పుడు నేను అనని మాట ఉండకూడదన్నాను. ఆయన ఒక్కొక్కటే కొట్టేసి, ప్రతిచోటా ఆవిడ పేరో, మేడమ్ అనో రాశారు. చాలాసేపు పట్టింది. నేను కూర్చునే ఉన్నాను.

పైన ఉన్నదంతా నేను చెప్పిందే. నాకు తెలిసినంతవరకు నిజం. ఎవరూ బెదిరించలేదు, ఆశపెట్టలేదు. దిద్దిన ప్రతిచోటా నా పొడి అక్షరాలు వేశాను.

(సంతకం) గ్లెనిస్ ఆక్లండ్

నేను చదివి వినిపించాక నా ఎదుట సంతకం చేశారు: సార్జెంట్ ఆర్. లింటన్